ఆరు అరలు, ఒక్క గొట్టం

రివాల్వర్ కొనాలంటే కొత్తది మేలా, పాతది మేలా అన్న తగువు తుపాకుల వాళ్ళ మధ్య తరాలుగా సాగుతోంది. పాతకాలపు పనితనం మళ్ళీ రాదని కొందరంటారు. యంత్రం కొలత ముందు చేతిపని ఏపాటిదని మరికొందరంటారు. ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ అరుగుతుందో చూస్తే ఇద్దరూ అసలు ప్రశ్నను వదిలేశారనిపిస్తుంది. రైఫిల్ లాంటి తుపాకుల్లో మందు పేలే అర, గుండు పోయే గొట్టం విడిపోకుండా ఒకటిగా ఉంటాయి. రివాల్వర్లో ఆ రెండూ వేరువేరు. అయిదో ఆరో అరలున్న సిలిండర్ తిరిగి, ప్రతి పేలుడుకూ ఒక అరను గొట్టానికి సూటిగా తెచ్చి నిలపాలి. అరా గొట్టమూ ఒకే వరసలోకి రావడమనేది ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి జరగాల్సిన పని. చేతిలో ఉన్న ఆ ఒక్క తుపాకిలో ఆ పని ఆరుసార్లూ సరిగ్గా జరుగుతోందా అన్నదే దాని నాణ్యత. తయారైన ఏడు, కంపెనీ పేరు, పైమెరుపు అంతా ఆ తర్వాతే.

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పొందిన పేటెంటుకు మూలం ఈ చిక్కే. తిరిగే సిలిండరున్న తుపాకులు అంతకు ముందూ ఉండేవి, కాకపోతే చాలావాటిలో సిలిండర్‌ను చేత్తో తిప్పుకోవాల్సి వచ్చేది. కోల్ట్ ఏర్పాటులో సుత్తిని వెనక్కి లాగితే చాలు, ఒక చిన్న ఉక్కు వేలు సిలిండర్ వెనకున్న పళ్ళను నెట్టి దాన్ని ఒక అర మేర తిప్పుతుంది. ఆ వెంటనే కింది నుంచి మరో ముక్క లేచి సిలిండర్ గాడిలో దిగి, కదలకుండా బిగబడుతుంది. నెట్టేదీ పట్టేదీ ఒకదాని వెంట ఒకటి తప్పకుండా పనిచేయడాన్నే టైమింగ్ అంటారు. న్యూజెర్సీలోని పాటర్సన్‌లో పెట్టిన ఆయన మొదటి కంపెనీ 1842లోనే మూతపడింది. ఆయన్ను మళ్ళీ నిలబెట్టింది 1847లో, మెక్సికో యుద్ధ కాలంలో, కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో తయారైన భారీ రివాల్వర్. అమెరికా సైన్యం వెయ్యి కొన్నది. అన్నీ కొత్తవే, అయినా వాటిలో చాలా సిలిండర్లు పగిలిపోయాయి. అరకు 60 గ్రెయిన్లు, అంటే దాదాపు నాలుగు గ్రాముల మందు పట్టేది. ఆనాటి ఇనుము అంత ఒత్తిడికి తట్టుకునేంత నిలకడగా ఉండేది కాదు. తర్వాత వచ్చిన డ్రాగూన్ మోడల్‌లో సిలిండర్‌ను పొట్టి చేసి మందు తగ్గించారు. కొత్తదైతే చాలు, దిగుల్లేదనుకునేవారికి వాకర్ రివాల్వర్ చరిత్రే జవాబు.

చేతిపనిని మెచ్చేవారి వాదం ఇంకాస్త బలమైనది. కోల్ట్ 1855లో హార్ట్‌ఫర్డ్‌లో కట్టిన కర్మాగారం యంత్రాలతో విడిభాగాలు చేయడంలో పేరుపడింది. అయినా ఆనాటి కోల్ట్ రివాల్వర్ విప్పి చూస్తే పెద్ద ముక్కలన్నిటి మీదా ఒకే వరస సంఖ్య కొట్టి ఉంటుంది. యంత్రం నుంచి వచ్చిన ముక్కలను ఆకురాయితో రుద్ది ఒకదానికొకటి కుదిర్చేవారు గనుక, ఒకసారి కుదిరిన జట్టు విడిపోకూడదు. పాత సరుకు కొనేవారు ఈ సంఖ్యలు కలిశాయో లేదో చూడటం వెనక మోజు ఒక్కటే లేదు. ఇదే సంప్రదాయానికి శిఖరమని చాలామంది చెప్పేది 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్. దాని మీట (ట్రిగ్గర్) లాగితే ఎంత మెత్తగా కదులుతుందో, సుత్తి పడే క్షణాన సిలిండర్ అంత గట్టిగా బిగిసి ఉంటుంది. ఆ బిగువు ఊరికే రాలేదు. మీట పూర్తిగా లాగినప్పుడు ఉక్కు వేలు సిలిండర్ పళ్ళను ఇంకా ఒత్తిపట్టే ఉంటుంది. ఒత్తిడి ఉన్నచోట అరుగుదల ఉంటుంది. ఎక్కువ వాడిన పైథాన్‌లో టైమింగ్ తప్పడం తరచూ వినే ఫిర్యాదే. దాన్ని సరిచేయాలంటే కుదిర్చే పని తెలిసిన చెయ్యి కావాలి, అలాంటివారు తగ్గిపోతున్నారు. చేతిపని గొప్పదే, కానీ అది తనతోపాటు ఒక పనివాణ్ణి కూడా అడుగుతుంది. 2005లో తయారీ ఆగిన పైథాన్‌ను కోల్ట్ 2020లో లోపలి ఏర్పాటు మార్చి తిరిగి తెచ్చింది. మొదట వచ్చిన వాటిలో కొన్నిటికి సిలిండర్ తిరగడంలోనే తేడాలు కనిపించాయి. కంప్యూటర్ నడిపే యంత్రం ముక్కను కోయగలదు. ముక్కలన్నీ కలిశాక ఎలా ఉన్నాయో చూడటం వేరే పని.

ఇంతకీ వరస తప్పితే ఏమవుతుంది? సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఖాళీ తప్పదు, అది లేకపోతే సిలిండర్ తిరగదు. మామూలుగా అది మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఉంటుంది. మరీ తక్కువైతే నాలుగు రౌండ్ల మసికే బిగుసుకుంటుంది. ఎక్కువైతే గుండు వెనక ఉండాల్సిన వాయువు పక్కలకు చిమ్ముతుంది. అర సూటిగా నిలవకపోతే గుండు గొట్టం అంచును గీసుకుంటూ పోతుంది, సీసపు రజను ఆ ఖాళీలోంచి పక్కనున్నవారి మీద పడుతుంది. గొట్టం మొదట్లో గుండును లోపలికి మళ్ళించే గరాటులాంటి భాగం ఉంటుంది. దెబ్బ ఎక్కువగా తినేది అదే. స్మిత్ అండ్ వెసన్ 1955లో .38 స్పెషల్ కొలతకు సరిపడే మధ్యరకం ఫ్రేమ్‌లో అంతకంటే చాలా బలమైన .357 మాగ్నమ్ తూటా ఇమిడ్చింది. తర్వాత మోడల్ 19 అని పేరుపెట్టింది దానికే. చోటు చాలక ఆ గరాటు అడుగున కొంత లోహాన్ని చెక్కేశారు. తేలికపాటి, వేగం ఎక్కువైన గుండ్లు విరివిగా పేల్చినవాటిలో సరిగ్గా అక్కడే పగుళ్ళు కనిపించాయి. 1980ల మొదట్లో కంపెనీ కాస్త పెద్ద ఫ్రేమ్ తెచ్చింది. ఇవాళ పాత మోడల్ 19 కొనాలంటే దాని నీలి మెరుపు కంటే ముందు, లైటు వేసి ఆ చెక్కిన చోటు చూడాలి.

పరీక్షించి ముద్ర వేసిన తుపాకికి ఇంత అనుమానం దేనికని అడగవచ్చు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి అందుకోసమే ఒక సంస్థ ఉంది. మామూలు కంటే ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటా పేల్చి, తట్టుకున్నవాటికి ముద్ర వేస్తారు. మంచి పద్ధతే. కానీ ఆ ముద్ర చెప్పేది ఆనాటి బలం గురించి. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ఎన్ని వేల తూటాలు పేల్చారో, ఎవరు ఇంట్లో విప్పి ఆకురాయి పెట్టారో దానికి తెలియదు.

అలాగని తయారైన ఏడుకు విలువే లేదనలేం. ఒక విషయంలో అదే ముఖ్యం. అరుగుదలను కొలవవచ్చు, నమూనాలోని లోపం కొలతకు దొరకదు. రూగర్ కంపెనీ 1972 దాకా అమ్మిన పాతతరహా సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ సుత్తిని చేత్తో లాగాల్సిన) రివాల్వర్లలో సుత్తి వాలి ఉంటే పేల్చే సూది తూటా మీదే ఆని ఉంటుంది. కింద పడితే పేలవచ్చు. అందుకే సుత్తి కింది అరను ఖాళీగా ఉంచి అయిదే నింపేవారు. 1973లో వచ్చిన కొత్త నమూనాలో సుత్తికీ సూదికీ మధ్య ఒక కడ్డీ పెట్టారు. మీట లాగితేనే అది పైకి లేచి దెబ్బను అందిస్తుంది. పాతవాటికీ ఆ మార్పు ఉచితంగా చేసిస్తామని కంపెనీ తర్వాత ప్రకటించింది. మార్పు చేయనిదైతే లోపల కొంచెం కూడా అరగకపోయినా, ఆరూ నింపి నడుముకు కట్టుకోదగ్గది కాదు.

మన దేశంలో ఈ లెక్కలో ధర వచ్చి దూరింది. 1980ల నడిమి నుంచి పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. దాంతో లైసెన్సుదారుల చేతుల్లో మిగిలిన పాత ఇంగ్లండు వెబ్లీలు, స్మిత్ అండ్ వెసన్‌లు అవి పుట్టిన దేశాల్లో ఊహించలేని ధర పలుకుతాయి. ఆ ధర కొరతకు కట్టింది, నాణ్యతకు కాదు. మరోవైపు కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారపు .32 రివాల్వర్ వెబ్లీ వంశానిదే. 2014లో ఆడవారి కోసమంటూ లక్షకు పైబడిన ధరకు అమ్మిన అరకిలో నిర్భీక్‌దీ ఇదే కుటుంబం. నడుము దగ్గర విరిచి తెరిచే ఈ రకానికి అరుగుదల మరో చోట కూడా ఉంది. పైకొక్కెం వదులైనా, కీలు ఆడినా గొట్టం సిలిండర్‌తో మొత్తంగా వరస తప్పుతుంది. ఇంగ్లండు సరుకైనా కాన్పూరు సరుకైనా దీన్నుంచి తప్పించుకోలేదు. కొనే ముందు ఖాళీ చేసి, ఖాళీ అయిందో లేదో రెండోసారి చూసి, గొట్టం పట్టుకుని కొక్కెం దగ్గర ఆడించి చూడాలి. తర్వాత సుత్తిని మెల్లగా లాగుతూ, అది చివరికి చేరేసరికి సిలిండర్ బిగిసిందా అని ఆరు అరలకూ విడివిడిగా గమనించాలి. రెండు నిమిషాల పని ఇది. అందుకు ఒప్పుకోని అమ్మకందారుతో ధర గురించి మాట్లాడాల్సిన పనిలేదు.