కోడికీ చికెన్‌కీ మధ్య

ఆదివారం పొద్దున ఏ కోళ్ల షాపు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. కొనేవాళ్లు "కిలో, స్కిన్‌లెస్" అంటారు. షాపతను జాలీలోంచి ఒక కోడిని రెక్కలు పట్టి తీసి కాటా మీద పెడతాడు. అప్పటిదాకా కాటాలో అంకెల కేసే కళ్లప్పగించి చూసినవాళ్లు, అతను కత్తి అందుకోగానే రోడ్డు వైపు తిరుగుతారు. కొందరు ఫోన్ తీస్తారు. డ్రమ్ములో రెక్కల చప్పుడు ఆగాక మళ్లీ ఇటు తిరిగి, "ముక్కలు చిన్నవి కొట్టు, కందనకాయ వెయ్యి" అంటారు. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే తిరిగాను.

మాంసం తినడం తప్పా ఒప్పా అని అడిగితే మనం చాలా కారణాలు చెప్తాం. ఆ కారణాల కంటే ముందే, మనం అటు తిరిగిన ఆ కాసేపట్లోనే, సగం తీర్పు అయిపోయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అమెరికన్ మనస్తత్వవేత్త జొనాథన్ హైట్, తోటి పరిశోధకులతో కలిసి, బ్రెజిల్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ జనాన్ని ఒక చిక్కు ప్రశ్న అడిగాడు. ఒక ఇంటివాళ్లు పెంచుకున్న కుక్క కారు కింద పడి చచ్చిపోయింది. వాళ్లు దాన్ని వండుకు తిన్నారు. ఇది తప్పేనా? 1993లో అచ్చయిన ఆ అధ్యయనం తేల్చింది ఏమిటంటే, ఎవరికైనా హాని జరిగిందా అన్న లెక్క కంటే, ఆ దృశ్యం తలుచుకుంటే మనసుకు ఎలా ఉందన్నదే వాళ్ల తీర్పుతో ఎక్కువ సరిపోయింది.

ఇక తిండి కూడా మనసును మారుస్తుంది. స్టీవ్ లాఫ్నన్, నిక్ హాస్లమ్, బ్రాక్ బాస్టియన్ 2010లో ప్రచురించిన ప్రయోగంలో, రుచి చూడమని కొందరికి ఎండబెట్టిన గొడ్డుమాంసం, కొందరికి జీడిపప్పు పెట్టారు. తర్వాత, ఏయే జంతువుల బాగోగులు మనం పట్టించుకోవాలి అని అడిగారు. మాంసం తిన్నవాళ్లు తక్కువ జంతువుల్ని ఎంచారు, ఆవుకిచ్చే విలువ కూడా తగ్గించారు. నోట్లో ముక్క ఉండగానే జాలి పరిధి కుంచించుకుపోయింది. ఇదే బాస్టియన్ బృందం 2012లో ఇంకొకటి చూపించింది. గొర్రె మేతకు వెళ్తోందని చెప్పినప్పటి కంటే, కబేళాకు వెళ్తోందని చెప్పినప్పుడు, మాంసం తినేవాళ్లు దానికి మనసూ తెలివీ తక్కువని అంచనా వేశారు. గొర్రె అదే.

ఓస్లోకు చెందిన యోనాస్ కుంస్ట్, సిగ్రిడ్ హోలేలు 2016లో ప్రచురించిన పరిశోధనలో కాల్చిన పంది బొమ్మలు చూపించారు. తల ఉన్న బొమ్మ చూసినవాళ్లలో జాలీ పెరిగింది, అసహ్యమూ పెరిగింది, తినాలన్న కోరిక తగ్గింది. మెనూలో మాంసం పేరు తీసేసి జంతువు పేరు రాసినా అంతే. ఇది చదివినప్పుడు నాకు మన మాటలే గుర్తొచ్చాయి. కోడికూర, మేకమాంసం అంటే జంతువు పేరు కంచం దాకా వస్తుంది. ఇప్పుడు చికెన్, మటన్ అంటున్నాం. పెరట్లో తిరిగేదాన్ని చికెన్ అని ఎవరం పిలవం కదా!

చేపల మార్కెట్‌లో మాత్రం ఎవరూ తల తిప్పుకోరు. పట్టా మీద నోరు తెరుచుకుని కొట్టుకుంటున్నా, చేప అరవదు. చేపల్లో నొప్పిని పసిగట్టే నాడులున్నాయని లిన్ స్నెడన్ బృందం 2003లోనే ట్రౌట్ చేపల మీద చూపించింది. అరుపు వినబడితే తప్ప కదలని జాలిని ఎంతవరకు నమ్మాలి?

నాకు అంతకన్నా భయం అసహ్యం అంటే. ఆరోగ్యం కోసం మాంసం మానేసినవాళ్ల కంటే జంతువుల కోసం మానేసినవాళ్లకే మాంసం మీద అసహ్యం ఎక్కువని పాల్ రోజిన్ బృందం 1997లో గమనించింది. జాలితో మానేసినవాళ్లను నేను మనసారా గౌరవిస్తాను. కానీ మన దగ్గర "నీచు తినేవాళ్లకి ఇల్లు ఇవ్వం" అనే మాటలో జంతువు మీద జాలి ఎక్కడుంది? 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులే. అయినా ఏ మాంసం, ఎవరి వంటింట్లో అన్నదాన్ని బట్టి ముక్కులు మూసుకుంటాం. జాలి జంతువు కేసి చూస్తుంది. ఈ అసహ్యం మనిషి కులం కేసి చూస్తుంది. రెండిటికీ ఒకే పేరు పెట్టి ధర్మం అనడం ఘోరమైన అన్యాయం.

మా అమ్మమ్మ ఏటా జాతరకి ఒక మేకపోతును పెంచేది. అవిసాకు, తుమ్మకాయలు తనే తెచ్చి నోటికి అందించేది. అది ఆమె కొంగు నమిలి చివర్లు పీలికలు చేసేది. మొక్కు తీరిన రోజు మాత్రం ఆమె ఎటూ తిరిగేది కాదు, తాడు చివర తనే పట్టుకునేది. మిగతా రోజుల్లో అందరితో పాటు తినే మనిషే. ఆ పూట ఊరంతటికీ కూర తనే వండి, మసాలా ఘాటుకీ పొయ్యి సెగకీ కళ్లు తుడుచుకుంటూ, గరిటెలో కాస్త తీసి పక్కింటి పిన్నికి అందించేది.

"ఉప్పు సరిపోయిందో లేదో నువ్వు చూడవే."