నగరఘోష - పౌరధర్మము

హైదరాబాదులో మూసీనదిపై నయాపూలు వంతెన నడుమ నిలిచి యిరుదరులను పరికించువారికి మూడు మహాభవనములు కానవచ్చును: ఉత్తరపు దరిని ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు దరిని హైకోర్టు, దాని చెంతనే సిటీ కళాశాల. 1908లో వచ్చిన వరద నగరమును ముంచివైచిన పిదప, నదీతీరమును చక్కదిద్దిన కాలమున నివి లేచినవి. మూడింటికిని రూపకల్పన చేసినవాడు విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి. ఒకటి రోగి విశ్రమించుటకు, ఒకటి బాలుడు చదువుకొనుటకు, ఒకటి న్యాయాధిపతి వాదము లాలకించుటకు. ఆసుపత్రికి సమీపముననే పెద్ద గ్రంథాలయమును గలదు. నిశ్శబ్దమును కోరు సంస్థల నన్నిటిని ఏరి యొక్కచోట కూర్చినట్లున్నది. వాని నడుమనుండి పోవు మార్గమో, నగరమునం దెల్ల మిక్కిలి రొదగల మార్గములలో నొకటి. బస్సులు, సరకుబండ్లు, ఆటోలు ఒకదాని వెనుక నొకటి యాగి, కదలుటకు త్రోవలేకున్నను హారనులు మ్రోగించుచునే యుండును. ముందున్న బండికి దారి లేదని వెనుకవానికి తెలియును, అయినను మ్రోగించును. మన నగరజీవితమునకు పట్టిన రోగ మంతయు నీ చిన్న చేష్టయందే గలదని మా యభిప్రాయము.

చట్టము లేదనుటకు వీలులేదు. 2000వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెలులకు మించి శబ్ద ముండరాదు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును నూరు మీటర్లవరకు నిశ్శబ్దమండలము. అచట పగలు 50, రాత్రి 40. రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు. అయితే రాష్ట్రప్రభుత్వము ప్రకటించినగాని యా మండల మేర్పడదని 2017లో సవరించిరి. ఆసుపత్రి యుండుట చాలదట. రోగులున్నారని ప్రకటనము కూడ వెలువడవలెనట!

ఈ యంకెలను చూచి, పదియో యిరువదియో పెరిగిననేమి యనుకొనువారు కలరు. ఇది సేరు, తులము వంటి కొలత కాదు. పది డెసిబెలులు పెరిగినచో శబ్దశక్తి పదిరెట్లగును. ఇరువది పెరిగినచో నూరురెట్లు. రాత్రి 45 ఉండవలసిన వీధిలో 75 ఉన్నచో, అనుమతించినదానికి వేయిరెట్ల శక్తి యా యిండ్లపై బడుచున్నదన్నమాట. చెవి కంత భేదము తోపకపోవచ్చును. కాని కన్నునకు రెప్ప యున్నట్లు చెవికి మూత లేదు. నిద్రలో మెలకువ రాకున్నను హారను మ్రోతకు గుండె వేగము పెరుగును. ఏండ్ల తరబడి యిట్లు నిద్ర చెడినవారికి రక్తపుపోటు, హృద్రోగము హెచ్చుగా గలుగుచున్నవని వైద్యులు కనుగొన్నారు.

జనసమ్మర్దమే దీనికి గారణమని పలువురు సమాధానపడుచున్నారు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికే హైదరాబాదు నగరమున 67 లక్షలకు పైబడి జనులుండిరి; ఇంతమంది యొక్కచోట నున్నప్పుడు నిశ్శబ్ద మెట్లు సాధ్యమని వారి ప్రశ్న. మే మంగీకరింపము. వేయిమంది సంతలో బేరమాడుకొనగా బుట్టు సందడి వేరు, ఒక్కడు మైకు పట్టి వేయి యిండ్లవారిని మేలుకొలుపుట వేరు. పూర్వము శబ్దమునకు మనుష్యదేహమే హద్దుగా నుండెడిది. డప్పు కొట్టువాని చేయి నొచ్చును. సన్నాయి యూదువాని యూపిరి సన్నగిల్లును. యంత్రమునకు నొప్పియు లేదు, అలసటయు లేదు.

అంతకు మించిన కారణ మింకొకటి గలదు. పల్లెలో మరణము సంభవించిన యింటి ముందుగా పెండ్లి యూరేగింపు పోవలసివచ్చినచో మేళము నాపి నడచుట మర్యాద. ఆ మర్యాదను పాటింప నెవ్వరును చట్టము చేయలేదు. ఏ యింట నేమి జరిగినదో ఊరివారందరికిని తెలియును గనుక అది సాగినది. నేడు పల్లెలలో పెద్దరికము నెరపిన రైతుకుటుంబములే నగరమునకు వచ్చి నాలుగైదంతస్తుల యిండ్లలో కాపురముండి, ఎదుటి తలుపు వెనుక నెవరున్నారో యెరుగకున్నవి. ఆ తలుపు వెనుక బాలెంత యుండవచ్చును. శస్త్రచికిత్స పొంది వచ్చిన వృద్ధు డుండవచ్చును. పరిచయము చేసిన పనిని నగరమున నియమమే చేయవలసియున్నది.

2005వ సంవత్సరము జులై 18వ తేదీన సుప్రీముకోర్టు చెప్పిన తీర్పునకు మూలమైన యర్జీని తలంచుకొన్న హృదయము చలింపకపోదు. పదమూడేండ్ల బాలికపై యత్యాచారము జరుగగా, పొరుగున లౌడుస్పీకరులో మ్రోగుచున్న సంగీతపు హోరులో నా బిడ్డ కేకలు ఎవ్వరి చెవిని బడలేదు. ఆ సాయంకాలమే యామె ఒంటికి నిప్పంటించుకొని మరణించినది. ప్రశాంతముగా జీవించుట రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన హక్కులో భాగమనియు, వాక్స్వాతంత్ర్యము పేరిట తన గొంతును యంత్రముతో హెచ్చించి పరుల చెవులలో బోయుటకు ఎవ్వనికిని హక్కు లేదనియు న్యాయస్థానము నిర్ణయించినది.

మతము మాట వచ్చునప్పటికి మన న్యాయబుద్ధి కొంత చలించును. పరమతస్థుని మైకు మనకు రొద, మన మైకు మనకు భక్తి. పరుల శాంతిని భంగపరచి ప్రార్థింపుమని యే మతమును విధింపలేదని 2000లో, మద్రాసు నగరపు చర్చి యొకదాని వ్యవహారమున, సుప్రీముకోర్టు తేల్చియున్నది. పండుగలకై యేడాదికి పదునైదు దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపు నిచ్చు నధికారము ప్రభుత్వమునకు గలదు. అది చాలక, బారాతు పేరిట ప్రతి పెండ్లికిని డీజే బండి! 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసువారు మతసంబంధమైన యూరేగింపులలో డీజేలను నిషేధించిరి. మంచిదే. కాని పోలీసువాడు వచ్చి యాపువరకు పెండ్లిపెద్ద యేమి చేయుచుండెను?

స్వరాజ్యమునకై పోరాడిన నాయకులు పురపాలనమును చిన్నపనిగా నెంచలేదు. అహమ్మదాబాదు పురపాలకసంఘమునకు వల్లభాయి పటేలు, అలహాబాదునకు జవహర్లాలు, మన రాజమహేంద్రవరమునకు ప్రకాశముగారు అధ్యక్షులై పనిచేసిరి. వీధి, దీపము, మురుగుకాలువ వీనినుండియే ప్రజలు స్వపరిపాలన నేర్తురు. ఓటు హక్కును సంపాదించుకొన్న మనము, అర్ధరాత్రి పొరుగువాని నిద్రను గాపాడు బాధ్యతను మాత్రము అధికారుల నెత్తిన మోపి యూరకున్నాము.

రాత్రి నియమభంగమైనను, హద్దునకు మించి పది డెసిబెలులు హెచ్చినను, ఎవ్వరైనను ఫిర్యాదు చేయవచ్చునని నియమములలోనే యున్నది. కాని ఫిర్యాదు చేసినవాడు మరునాడు వీధికి శత్రువగును. అందుచే జనులు దలగడ చెవులకు నొత్తుకొని సహించుచున్నారు. ఈ భయము తొలగవలెనన్న ఫిర్యాదు ఒక్కని పేరిటగాక నివాసుల సంఘము పేరిట పోవలెను. కల్యాణమండపముల యజమానులు బయానా పుచ్చుకొనునాడే, పదిగంటలు దాటిన పిమ్మట ఆరుబయట మైకు లేదని వ్రాయించుకొనవలెను. మూసిన శాలలోపల మంగళవాద్యమునకు నియమము లడ్డురావు గనుక అర్ధరాత్రి ముహూర్తములకును భంగము లేదు. మార్చినెలలో ఇంటర్మీడియటు పరీక్షలు సాగును. కనీస మా రాత్రులందైనను ప్రతివీధిలో నిద్దరు పెద్దలు వంతులువేసికొని, పదిగంటలకు స్వయముగా పోయి మైకు నాపింతురుగాక.