మెటల్ డిటెక్టర్‌కి ఏ బ్యాటరీ? రోజూ వాడితే ఒకటి, పండక్కి వాడితే ఇంకొకటి

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కి వెళ్లినా, మెట్రో స్టేషన్ ఎక్కినా, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్ట్ వదిలే టైంకి ఏదైనా కంపెనీ గేటు దగ్గర చూసినా సెక్యూరిటీ గార్డ్ చేతిలో నల్లటి కర్ర లాంటిది కనిపిస్తుంది. అదే హ్యాండ్ మెటల్ డిటెక్టర్. మన ఇళ్లల్లోంచి కూడా ఎంతోమంది ఈ డ్యూటీలు చేస్తున్నారు.

నాచారంలో గేటు డ్యూటీ చేసే మా ఖాలా కొడుకు ఆ మధ్య ఇలా అన్నాడు: "భాయ్, మధ్యాహ్నానికే సెల్ డౌన్ అయింది. సూపర్‌వైజర్‌ని అడిగితే రేపు ఇస్తా అన్నాడు. సాయంత్రం దాకా ఊరికే ఊపుకుంటూ నిలబడ్డా."

నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే భయమేసింది. లోపలికి వెళ్లినవాళ్లంతా చెకింగ్ అయిపోయిందనే అనుకున్నారు. రేపు ఏదైనా జరిగితే మాట పడేది గార్డే.

ఈ డిటెక్టర్లలో ఎక్కువగా వాడేది పైన రెండు బొడిపెలుండే 9 వోల్టుల బ్యాటరీ. కిరాణా షాపులో దొరికే చవక రకం త్వరగా అయిపోతుంది, కారుతుంది కూడా. ఆల్కలైన్‌ది ఖరీదు ఎక్కువే గానీ సుమారు 500 ఎంఏహెచ్ ఉంటుంది. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో మామూలుగా 200 ఎంఏహెచ్ దగ్గరే. అంటే ఒక్క చార్జింగ్‌తో ఆల్కలైన్‌లో సగం సేపు కూడా రాదు. ఇంకో చిక్కుంది. పైన 9 వోల్టులని రాసున్నా, లోపల 1.2 వోల్టుల చిన్న సెల్స్ ఆరుంటే 7.2, ఏడుంటే 8.4 వోల్టులే. 7.2 రకం పెడితే కొన్ని డిటెక్టర్లు ఫుల్ చార్జింగ్‌లోనే లో-బ్యాటరీ లైటు చూపిస్తాయి. 8.4 అని చూసే కొనండి.

ఇప్పుడు లెక్క. బీకాం చదివిన పాపానికి కాగితం తీశాను. ఇవి షాపు రేట్లు కావు, లెక్క కోసం అనుకున్నవి. ఆల్కలైన్ 250 రూపాయలు, 60 గంటలు వస్తుందనుకుందాం. 12 గంటల డ్యూటీకి ఐదు రోజులు. నెలకు 26 డ్యూటీలంటే ఐదు బ్యాటరీలు, 1,250 రూపాయలు. రీచార్జబుల్‌వి 400 చొప్పున రెండు, చార్జర్ 600, మొత్తం 1,400. రెండో నెల మొదట్లోనే ఖర్చు తిరిగొచ్చేసింది. రెండెందుకంటే, మామూలు చార్జర్ రాత్రంతా తీసుకుంటుంది. ఒకటి డ్యూటీలో ఉంటే ఒకటి చార్జింగ్‌లో ఉండాలి. ఈ బిల్లు కట్టాల్సింది ఏజెన్సీ, గార్డ్ కాదు.

ఈద్ నమాజుకి గేటు దగ్గర వాడదామని డిటెక్టర్ కొన్న మస్జిద్ కమిటీలకు ఇదే లెక్క తిరగబడుతుంది. రంజాన్ ఈద్‌కి, బక్రీద్‌కి మధ్య సుమారు 70 రోజులు. మళ్లీ రంజాన్ ఈద్ దాకా తొమ్మిది నెలల పైనే. మామూలు రీచార్జబుల్ బ్యాటరీ వాడకపోయినా దానంతట అదే దిగిపోతుంది. ఈద్ పొద్దున డబ్బా తెరిస్తే ఖాళీ! వీళ్లకి ఆల్కలైనే మేలు. అది కొన్నేళ్లు నిల్వ ఉంటుంది. పని కాగానే డిటెక్టర్‌లోంచి తీసేయండి, లేకపోతే కారి లోపలి పత్తీలు తుప్పు పడతాయి.

ఇంకో తేడా గార్డులకు తెలియాలి. ఆల్కలైన్ మెల్లమెల్లగా తగ్గుతుంది, లైటు వెలిగాక కూడా కాస్త టైం ఇస్తుంది. రీచార్జబుల్ చివరిదాకా బాగానే ఉండి ఒక్కసారి పడిపోతుంది. లైటు వచ్చిందంటే వెంటనే మార్చాల్సిందే. యూఎస్‌బీతో చార్జ్ అయ్యే లిథియం రకాలూ వచ్చాయి గానీ, కొన్నింటి లోపలి సర్క్యూట్ వల్ల డిటెక్టర్ ఊరికే మోగే అవకాశముంది. ముందు మీ డిటెక్టర్‌లో పెట్టి చూసి కొనండి.

చార్జింగ్ పిన్ ఉన్న డిటెక్టర్‌లో మామూలు బ్యాటరీ పెట్టి ప్లగ్ పెట్టొద్దు, పగలొచ్చు. స్పేర్ బ్యాటరీని తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేసుకోవద్దు. రెండు బొడిపెలకూ తాళంచెవి తగిలితే కాలేంత వేడెక్కుతుంది, టేప్ అంటించండి. పాతవి చెత్తబుట్టలో వేయొద్దు. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని విడిగా ఇవ్వాలి. వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది.

మా ఖాలా కొడుకు ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే బైక్ తాళంచెవి మీద డిటెక్టర్ ఒకసారి తిప్పుతాడు. మోగకపోతే, టైంతో సహా రిజిస్టర్‌లో రాసి సూపర్‌వైజర్‌తో సంతకం పెట్టించుకుంటాడు.