ఆలస్యమైన సమాధానం తప్పు సమాధానమే

కంప్యూటర్ ఇంజనీరింగు చదివే మన పిల్లలకు 'రియల్ టైమ్ సిస్టమ్స్' అనే పాఠం వస్తుంది. పేరు గంభీరంగా ఉన్నా, మన బరంపురం స్టేషను మీదుగా పోయే రైళ్ళను తలచుకుంటే విషయం తేలికగానే అర్థమవుతుంది.

జీతాల పట్టిక వేసే కంప్యూటరు పది నిమిషాలు ఆలస్యం చేస్తే పెద్ద నష్టం లేదు. రైలుకు బ్రేకు వేయవలసిన కంప్యూటరు కొద్ది సెకన్లు ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయి. లెక్క సరైనదే అయినా, గడువు దాటితే అది తప్పు కిందే జమ.

మన రైల్వేల 'కవచ్' ఇటువంటిదే. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య దీనిని పరీక్షించారు. ముందున్న ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే వెనుక ఇంజను తనంతట తానే ఆగిపోయింది.

ఇటువంటి యంత్రానికి ఒకేసారి ఎన్నో పనులుంటాయి: వేగం కొలవడం, రేడియో సమాచారం అందుకోవడం, డ్రైవరుకు చూపించడం. ఏది ముందు? ఒకప్పుడు బ్యాంకులో క్లియరింగు వేళ దగ్గరపడితే చెక్కుల కట్టనే ముందు చూసేవారు. పాస్‌బుక్కు కాసేపు ఆగేది. కంప్యూటరుకూ ఈ పద్ధతే పెట్టవచ్చు. పదేపదే వచ్చే పనుల మొత్తం భారం ప్రాసెసరు శక్తిని మించకుండా, చేస్తున్న పనిని మధ్యలో ఆపే వీలుంటే, గడువు దగ్గరపడిన పనిని ముందు చేయడం వల్ల ఏ గడువూ తప్పదని ల్యూ, లేలాండ్ 1973లో గణితంతో నిరూపించారు.

మరి యంత్రమే చెడితే? బ్యాంకులో ఒకరు రాసిన వోచరును మరొకరు సరిచూసి పాస్ చేస్తారు. రైల్వే భద్రతా యంత్రాలలో కూడా రెండు ప్రాసెసర్లు ఒకే లెక్క చేసే పద్ధతి ఉంది. జవాబులు కలవకపోతే ఎవరిది ఒప్పు అనే తర్కం ఉండదు, బ్రేకు పడుతుంది. ఆగిన రైలు క్షేమం.

ఆకాశంలో ఎగిరేది అలా ఆగలేదు. అందుకే 1981 నుండి 2011 వరకు ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్‌లో నాలుగు కంప్యూటర్లు ఒకే ప్రోగ్రాము నడుపుతూ ఒకదానినొకటి సరిచూసుకునేవి. వేరేగా రాసిన ప్రోగ్రాముతో ఐదవది సిద్ధంగా ఉండేది.

తల్లిదండ్రులారా, పిల్లలు తమ ప్రాజెక్టు చూపించినప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: గడువులో చేస్తుందా? చెడిపోతే ఏం చేస్తుంది? విద్యార్థులారా, జవాబు సిద్ధం చేసుకోండి.