బాలుర పుస్తకములు: అనువాదకుని స్వాతంత్ర్యము

పరభాషా గ్రంథమును పెద్దలకొఱకు తెనిగించుటకును, బాలురకొఱకు తెనిగించుటకును ఒక భేదము కలదు. పెద్దలలో మూలము నెఱిగినవారు కొందఱుందురు. అనువాదకుడు దారి తప్పినచో వారు పట్టుకొందురు, పత్రికలలో విమర్శింతురు. బాలునకు ఆ శక్తి లేదు. వానికి మూలభాష రాదు. పుస్తకమును కొనువాడును వాడు కాడు. తండ్రియో ఉపాధ్యాయుడో కొని చేతికిచ్చినదానిని వాడు చదువును. చదివినదంతయు మూలకర్త చెప్పినదేయని నమ్మును. కావుననే బాలుర పుస్తకములందు అనువాదకులు తీసికొన్నంత స్వాతంత్ర్యము ఇతరత్ర తఱచుగా కానరాదు. ఆ స్వాతంత్ర్యము ఎంతవఱకు న్యాయము? ఈ ప్రశ్నను మూడు ప్రసిద్ధ గ్రంథముల చరిత్రనుబట్టి విచారింతము.

మొదటిది మన పంచతంత్రమే. మూఢులైన ముగ్గురు రాజకుమారులకు ఆఱు మాసములలో నీతి నేర్పుటకై విష్ణుశర్మ ఈ కథలు చెప్పెనని దాని పీఠిక తెలుపుచున్నది. పారసీక ప్రభువగు మొదటి ఖుస్రూ కాలమున, అనగా క్రీ. శ. 6వ శతాబ్దమున, బుర్జో అను వైద్యుడు దీనిని పహ్లవీభాషలోనికి మార్చెను. ఆ ప్రతి నశించినది. అది నశింపకమునుపే, సుమారు 750 ప్రాంతమున, ఇబ్నుల్ ముకఫా అను పండితుడు దానిని అరబ్బీలోనికి తెచ్చెను. కరటక దమనకులను నక్కల పేళ్లే రూపు మాఱి, ఆ గ్రంథమునకు ‘కలీలా దిమ్నా’ అను పేరైనది. యూరపుఖండమునకు ఈ కథలు ముఖ్యముగా ఆ అరబ్బీ త్రోవనే చేరినవి.

మిత్రభేదమునందలి కథ మీరెఱిగినదే. సింహమునకును ఎద్దునకును గల మైత్రిని దమనకుడు కొండెములు చెప్పి చెఱచును. సింహము నిరపరాధియైన మిత్రుని చంపును. సంస్కృతమున కథ అంతటితో ముగియును. దమనకునకు శిక్ష లేదు సరికదా, రాజునొద్ద వాని పలుకుబడియే నిలుచును. అరబ్బీలో అట్లు కాదు. ఆ వెంటనే మఱియొక ప్రకరణము కలదు. సింహము తల్లి నిజము తెలిసికొని కుమారునకు చెప్పును. దిమ్నాను చెఱబెట్టుదురు. సభలో విచారణ జరుగును. వాడు ప్రతి నిందకును నేర్పుగా బదులు చెప్పును. తుదకు ఇద్దఱు సాక్షుల మాట ఒక్కటి కాగా వానికి మరణదండనము కలుగును. ఈ ప్రకరణము సంస్కృతమున లేదు. పహ్లవీనుండియే వచ్చిన ప్రాచీన సిరియాకు అనువాదమునను లేదు. కావున ఇది ఇబ్నుల్ ముకఫా చేర్చినదేయని పండితులు సాధారణముగా తలచుచున్నారు. దుష్టుడు సుఖముగా నుండగా పుస్తకము మూయుటకు అతనికి మనసొప్పలేదు కాబోలు!

రెండవది జర్మను దేశపు కథ. గ్రిమ్ము సోదరులు తాము సేకరించిన కథల మొదటి సంపుటమును 1812లో ప్రకటించిరి. 1823లో లండను నగరమున ఎడ్గర్ టేలర్ అను న్యాయవాది వానిలో కొన్నిటిని ఆంగ్లమున ప్రకటించెను. హిమమువంటి మేనిఛాయ గల రాజకుమారి కథ వానిలో ఒకటి. మూలమున ఆమెను చంపజూచిన రాణికి ఘోరమైన శిక్ష కలదు: నిప్పులలో కాల్చిన ఇనుపచెప్పులు తొడిగికొని, ప్రాణము పోవువఱకు ఆడవలెను. టేలరుగారి రాణి ఆ చెప్పులు తొడుగదు. కోపముతో ఊపిరి తిరుగక, జబ్బుపడి, తనంతట తానే చచ్చును. ఆ చిన్న పుస్తకము ఆంగ్లదేశమున మిక్కిలి ఆదరము పొందెను. దానిని చూచియే గ్రిమ్ము సోదరులు 1825లో ఏబది కథలను ఏర్చి, బొమ్మలతో పిల్లలకొఱకు ప్రత్యేక ప్రతిని వెలువరించిరి. ఆ విధముగా అనువాదము మూలమునకే దారి చూపినది.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. అరబ్బీ అనువాదకుడు లేని శిక్షను కల్పించెను. లండను న్యాయవాది ఉన్న శిక్షను తీసివేసెను. ఇరువురిదియు సదుద్దేశమే. అయినను ఇరువురును చదువరి మనసును తాము నమ్మలేదు.

మూడవ ఉదాహరణము ఇటీవలిది. స్వీడనుదేశపు రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1945లో పిప్పీ అను బాలిక కథ వ్రాసెను. ఆ బాలిక తన గుఱ్ఱమును రెండు చేతులతో ఎత్తగలదు. 1951లో ఫ్రెంచి ప్రతి వెలువడినప్పుడు గుఱ్ఱము పొట్టిగుఱ్ఱముగా మాఱినది. ఫ్రెంచి పిల్లలు అంత అసంభవమును నమ్మరని ప్రకాశకుల వాదము. పొట్టిగుఱ్ఱము నెత్తిన బాలిక ఫోటో ఒకటి పంపవలసినదని రచయిత్రి బదులడిగినదట! గుఱ్ఱము నిజమైన గుఱ్ఱముగా నున్న సంపూర్ణానువాదము ఫ్రెంచివారికి 1995లో గాని లభింపలేదు. ఒక తరము పిల్లలు పెరిగి పెద్దవారై, వారి పిల్లలు చదువు నేర్చునంత కాలము గడచినది.

అట్లని అనువాదకుడు దేనిని తాకరాదని నా యభిప్రాయము కాదు. తాకక తప్పనివి కొన్ని కలవు. ఆ హిమకుమారి కథయే చూడుడు. మంచుమీద పడిన మూడు నెత్తుటిబొట్లతో ఆ కథ ఆరంభమగును. తెలుగున ‘మంచు’ అన్నచో మన పల్లెబాలునకు ధనుర్మాసపు తెల్లవారుజామున పొలములను కప్పు తెఱ స్ఫురించును. గడ్డిమీది బిందువులు స్ఫురించును. ఆ మంచుమీద నెత్తుటిబొట్టు ఎట్లు నిలుచును? ఇచ్చట అనువాదకుడు ఒక వాక్యము చేర్చి, అది ఆకాశమునుండి దూదిపింజలవలె రాలి నేలపై తెల్లగా పేరుకొనునదని చెప్పవలెను. ఇది మూలమును మార్చుట కాదు, కనబడునట్లు చేయుట. కథలోని వస్తువును చూపుటకై ఎన్ని మాటలైన చేర్పవచ్చును. కథ ఇచ్చిన తీర్పును మార్చుటకు మాత్రము ఒక్క మాటయు చేర్పరాదు. అట్లు మార్చక తప్పదని తోచినచో, ఆ సంగతిని పీఠికలో స్పష్టముగా చెప్పవలెను. మూలముతో పోల్చిచూడలేని చదువరికి అనువాదకుడు చెల్లింపవలసిన ఋణ మిది.

మన భాషలో దీనికి మంచి నిదర్శనము కలదు. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో కథలను విరివిగా పెంచెను. హితోపదేశమువలె మిత్రలాభమును ముందుంచెను. తెలుగు నుడికారముతో నింపెను. అయినను దమనకునకు విచారణ కల్పింపలేదు. వానికి శిక్ష పడకయే కథ ముగియును. అది చదివిన బాలుడు తలయెత్తి, “వానిని ఎవ్వరును దండింపలేదా?” అని అడుగును. ఆ ప్రశ్నకొఱకే కథ అట్లు ముగిసినది. ఉత్తరమును అనువాదకుడు ముందే వ్రాసియిచ్చినచో బాలునకు ప్రశ్నించు అవసరమే కలుగదు.