పంతానికి ఒక ట్రాక్ కావాలి

మోటార్‌సైకిల్ రేసు చూసేటప్పుడు మనలో చాలామంది కళ్లు స్పీడు మీదే ఉంటాయి. రేసు తెలిసినవాళ్లు చూసేది బ్రేకును. ఇటలీలోని ముజెల్లో ట్రాక్ మీద 2023లో బ్రాడ్ బైండర్ గంటకు 366.1 కిలోమీటర్ల వేగం అందుకుని మోటార్‌సైకిల్ రేసుల్లో పెద్ద తరగతి అయిన మోటోజీపీలో రికార్డు నెలకొల్పాడు. అంత వేగం చూసి నోరెళ్లబెట్టడం సహజమే. కానీ తిన్నని దారిలో మేటి రైడర్ల మధ్య వేగంలో తేడా కొద్దిపాటిదే. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పడానికి గుండె ధైర్యం, మంచి ఇంజను ఉంటే చాలు. అసలు పని దారి మలుపు తిరిగే చోట మొదలవుతుంది. కనీసం 157 కిలోల బరువుండే బండిని మూడు వందల పైచిలుకు వేగం నుంచి వందకు ఎక్కడ దించాలి? ముందు టైరు పట్టు తప్పే అంచుదాకా బ్రేకును ఎంతసేపు నొక్కి ఉంచాలి? బండిని అరవై డిగ్రీలకు పైగా ఒరగబెట్టి, మోకాలూ మోచెయ్యీ నేలకు రాసుకుంటూ వెళ్లి, మళ్లీ ఎప్పుడు నిలబెట్టాలి? ఇదంతా ప్రతి ల్యాపులోనూ అదే చోట, అదే తీరున చేయగలగడమే రైడర్ ప్రతిభ. ఒంటరిగా సాధన చేస్తే ఇది కొంతవరకే వస్తుంది. మలుపులో మనకంటే రెండు మీటర్లు ముందుకెళ్లి బ్రేకు పట్టేవాడు పక్కనుంటేనే, ఆ రెండు మీటర్లు ఉన్నాయన్న సంగతి మనకు తెలుస్తుంది.

అందుకే రేసు చరిత్రలోని పెద్ద వైరాలను కోపతాపాల కథలుగా కాక, చదువుల కథలుగా చూడాలి. 1983లో, అప్పటికి పెద్ద తరగతి అయిన 500 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పన్నెండు రేసులు జరిగితే, ఆరు ఫ్రెడ్డీ స్పెన్సర్ గెలిచాడు, ఆరు కెన్నీ రాబర్ట్స్ గెలిచాడు. మూడో మనిషికి ఒక్క గెలుపూ దక్కలేదు. చివరికి 144 పాయింట్లతో స్పెన్సర్ విజేత అయ్యాడు, రాబర్ట్స్ 142 దగ్గర ఆగిపోయాడు. స్పెన్సర్‌కు అప్పుడు 21 ఏళ్లు, రాబర్ట్స్‌కు 31. రాబర్ట్స్ అప్పటికే మూడుసార్లు ప్రపంచ విజేత. అంతటివాడు ఏడాది పొడుగునా ప్రతి రేసులోనూ ముందో వెనకో ఉండకపోతే ఆ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు అంత తొందరగా అంత పదునెక్కేవాడు కాదు. అందరికంటే చిన్న వయసులో గెలిచిన ఆ రికార్డు ముప్పై ఏళ్లు నిలిచింది. 2013లో మార్క్ మార్కెజ్ దాన్ని తిరగరాసి, పెద్ద తరగతిలో అడుగుపెట్టిన తొలి ఏడాదే, ఇరవై ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది అమెరికాలోని లగూనా సెకా ట్రాక్ మీద ఒక ముచ్చటైన ఘట్టం నడిచింది. అక్కడి కార్క్‌స్క్రూ అనే వాలు మలుపులో 2008లో వాలెంటినో రోసీ ట్రాక్ అంచు దాటి లోపలి నుంచి దూసుకెళ్లి కేసీ స్టోనర్‌ను దాటేశాడు. అయిదేళ్ల తర్వాత అదే మలుపులో, అదే ఎత్తుగడతో మార్కెజ్ రోసీనే దాటాడు. చిన్నప్పటి నుంచి తాను ఆరాధించిన మనిషి పాఠాన్ని ఆ మనిషికే అప్పజెప్పాడన్నమాట.

వైరం ఎప్పుడూ ఇంత అందంగా ఉండదు. 2015 అక్టోబరులో మలేసియాలోని సెపాంగ్‌లో ఆ ఇద్దరే ఒకరినొకరు ఒరుసుకున్నారు, మార్కెజ్ కింద పడ్డాడు, రోసీకి శిక్ష పడింది. చివరి రేసును అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాల్సి వచ్చి, రోసీ అయిదు పాయింట్ల తేడాతో టైటిల్‌ను జార్జ్ లోరెంజోకు వదులుకున్నాడు. పంతం హద్దు మీరితే ఇద్దరికీ నష్టమేనని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అయితే ఆ పంతాన్ని విచారించడానికి అక్కడ అధికారులు ఉన్నారు, నిబంధనలు ఉన్నాయి, పాయింట్ల పట్టిక ఉంది. ఇప్పుడు మార్కెజ్ పెద్దవాడి స్థానంలో ఉన్నాడు. 2020లో కుడి చేయి ఎముక విరిగి, నాలుగు శస్త్రచికిత్సలు చేయించుకుని, ఆరేళ్ల విరామం తర్వాత 2025లో మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. అతని వెనకే 2004లో పుట్టిన పెడ్రో అకోస్టా, 2005లో పుట్టిన ఫెర్మిన్ అల్దెగేర్ ఉన్నారు. అల్దెగేర్ 2025లో ఇండొనేసియా రేసు గెలిచేశాడు కూడా. చిన్నవాళ్లు వచ్చి పెద్దవాళ్లను నెట్టేస్తారన్న మాటలో సగమే నిజముంది. పెద్దవాళ్లు చక్రం వదలకుండా పట్టుకుని ఉండబట్టే చిన్నవాళ్లు అంత గట్టిగా తయారవుతున్నారు.

మరి ఈ కుర్రాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? మార్కెజ్ పుట్టింది స్పెయిన్‌లో సెర్వెరా అనే చిన్న ఊళ్లో. తండ్రి మట్టి తవ్వే యంత్రం నడిపేవాడు. నాలుగేళ్ల వయసులో చేతికందిన బుల్లి బండే అతని మొదటి బడి. ఇటలీలో రోసీ కూడా చిన్నప్పుడు మినీ బైకుల మీద పోటీపడ్డాడు, తర్వాత తన సొంత ఊరు తవులియాలో అకాడమీ పెట్టి కుర్రాళ్లను తయారు చేశాడు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు తొలి మోటోజీపీ రేసు గెలిచిన మార్కో బెజెక్కీ ఆ అకాడమీ కుర్రాడే. యూరప్ సంగతి వేరు, వాళ్లకు డబ్బుంది, సంప్రదాయం ఉంది అనేవాళ్లు థాయిలాండ్ వైపు చూడాలి. మనలాగే చిన్న ఇంజన్ల బండ్ల మీద బతుకు నడిపే దేశమది. అక్కడి సోమ్‌కియాత్ చంత్ర 2016లో ఆసియా టాలెంట్ కప్ గెలిచాడు, 2022లో ఇండొనేసియాలో, మోటోజీపీకి కింది మెట్టయిన మోటో2 రేసు గెలిచి తన దేశానికి తొలి గ్రాండ్ ప్రీ విజయం తెచ్చాడు, 2025లో మోటోజీపీలో దిగాడు. మధ్యలో ఏ అద్భుతమూ జరగలేదు. ఒకే రకం బండ్లు, ఒకే వయసు ప్రత్యర్థులు, ప్రతి ల్యాపుకూ గడియారం.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు వద్దాం. మోతీనగర్, బోరబండ, యూసఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు వెళ్లే దారిలో బైకు లేని ఇల్లు అరుదు. ఆ దారి పొడవునా ఉన్న మెకానిక్ షెడ్లలో ఇంజను చప్పుడు విని లోపం చెప్పగల చేతులున్నాయి. కృష్ణానగర్ నుంచి సినిమా షూటింగులకు వెళ్లి, హీరోలకు డూపులుగా బండ్లు గాల్లోకి లేపే ఫైటర్లున్నారు. ధైర్యానికి, పనితనానికి ఇక్కడ కరువు లేదు. కానీ ఈ కుర్రాళ్లకు వేగం గురించి తెలిసినదంతా వెండితెర నేర్పిందే. తెర మీద ఛేజింగ్ వేగంలో కొంత కెమెరాది. తక్కువ ఫ్రేములతో తీసి మామూలు వేగంలో చూపిస్తే నలభైలో వెళ్లే బండి ఎనభైలో వెళ్లినట్టు కనిపిస్తుంది. దారి ముందుగానే ఖాళీ చేసి ఉంటుంది. ఈ సంగతి టికెట్టు కొన్న పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎవరూ చెప్పరు. వాడు పెద్దయ్యాక శనివారం అర్ధరాత్రి రాయదుర్గం నాలెడ్జ్ సిటీ రోడ్ల మీదికి వెళ్తాడు. పోలీసులు వస్తారు, బండ్లు పట్టుకుంటారు, తల్లిదండ్రులను పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు, రెండు వారాలకు మళ్లీ అదే మోత. ఆ రోడ్డు మీద వాడికి చూసేవాళ్లున్నారు గానీ ప్రత్యర్థి లేడు. ముందు చక్రం లేపితే ఫోన్లు పైకి లేస్తాయి. బ్రేకు ఎంత బాగా పట్టాడో చూసే కన్ను ఒక్కటీ లేదు. రోడ్డు మీద సంవత్సరాలు గడిపినా వాడు రేసర్ కాలేడు, ఎందుకంటే అక్కడ నేర్చుకోవడానికి ఏమీ లేదు.

దీని మూల్యం ఈ ప్రాంతానికి బాగా తెలుసు. నటుడు బాబూమోహన్ కుమారుడు 2003లో జూబ్లీహిల్స్‌లో బైకు ప్రమాదంలో పోయారు. 2010లో కోట శ్రీనివాసరావు కుమారుడు, 2011లో క్రికెటర్ అజహరుద్దీన్ కుమారుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పోర్ట్స్ బైకుల ప్రమాదాల్లో పోయారు. 2021 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి జారి సాయిధరమ్ తేజ్ వారాల పాటు ఆసుపత్రిలో ఉన్నారు. వీటిని రేసులని నేను అనడం లేదు. శక్తిమంతమైన బండి, ఎప్పుడు ఏది అడ్డొస్తుందో తెలియని రోడ్డు కలిస్తే ఎంత అనుభవమున్నా ఒక్కోసారి చాలదని మాత్రమే అంటున్నాను. పేర్లు పత్రికలకెక్కని ఇళ్లలో ఇలాంటి ఫొటోలకు దండలు ఎన్ని వేలాడుతున్నాయో.

ట్రాక్ కోసం తెలుగు కుర్రాడు ఎటు వెళ్లాలి? దక్షిణాదిలో ఈ ఆటకు పుట్టిల్లు చెన్నై. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలోనే షోలవరం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు పాత ఎయిర్‌స్ట్రిప్ మీద అక్కడ దశాబ్దాల పాటు రేసులు నడిచాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత సర్క్యూట్ వచ్చింది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. జగన్ కుమార్, రజనీ కృష్ణన్, రాజీవ్ సేతు లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఆ ట్రాకుల మీద ఒకరినొకరు తరుముకుంటూ ఎదిగారు. 2011లో 125 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దిగిన శరత్ కుమార్ కూడా చెన్నైవాడే. ఒకే నగరం నుంచి ఇంతమంది రావడానికి అక్కడి నీళ్లు కారణం కాదు, ట్రాక్ ఇంటికి దగ్గరగా ఉండటమే. హైదరాబాద్ నుంచి చెన్నైకి ఆరు వందల కిలోమీటర్లకు పైనే. బండి, టైర్లు, మెకానిక్, బస, ఇవన్నీ మోసుకుని నెలకోసారి వెళ్లి సాధన చేయడం మోతీనగర్ కుటుంబానికి అయ్యే పని కాదు. కారు రేసుల్లో మన అనిందిత్ రెడ్డి జాతీయ స్థాయిలో పేరు తెచ్చుకున్నాడు, హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును నాగచైతన్య 2024లో కొన్నారు. సంతోషించాల్సిన సంగతులే. కానీ కారు రేసు మొదటి మెట్టు దగ్గరే లక్షలు అడుగుతుంది. బైకు అలా కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ట్రాక్ మీదా పిల్లలు చనిపోతున్నారు కదా? నిజం. 2023 ఆగస్టు 5న ఇరుంగాట్టుకోట్టైలో జాతీయ చాంపియన్‌షిప్ రేసులో బెంగళూరుకు చెందిన శ్రేయస్ హరీష్ చనిపోయాడు. పదమూడేళ్లు. మినీ బైకుల నుంచి ఎదిగి దేశమంతా చూస్తున్న ప్రతిభ అది. అంతకు ముందు 2021లో యూరప్‌లో నాలుగు నెలల్లో ముగ్గురు పోయారు: పంతొమ్మిదేళ్ల జేసన్ దుపాస్కియే, పద్నాలుగేళ్ల హ్యూగో మిల్లాన్, పదిహేనేళ్ల డీన్ బెర్టా వినాలెస్. ముగ్గురి విషయంలోనూ జరిగింది దాదాపు ఒకటే. గుంపుగా వెళ్తున్నప్పుడు కింద పడ్డారు, వెనక వచ్చే బండ్లకు తప్పుకునే వ్యవధి లేకపోయింది. ఎయిర్‌బ్యాగ్ సూటు, హెల్మెట్ ఆ దెబ్బను ఆపలేవు. ఆ మరణాల తర్వాత అంతర్జాతీయ సమాఖ్య గ్రాండ్ ప్రీ రేసులకు కనీస వయసును 18కి పెంచింది, చిన్నవాళ్ల కప్పుల్లోనూ వయసు పెంచి, ఒకేసారి దిగే బండ్ల సంఖ్య తగ్గించింది. నా వాదన ఈ ఆట ప్రమాదం లేనిదని కాదు. పదమూడేళ్ల పిల్లాడిని పెద్ద సర్క్యూట్ మీద గుంపులో వదలడానికి నేను ఒప్పుకోను. నేనడిగేది కిలోమీటరు పొడవున్న కార్టింగ్ ట్రాక్, చిన్న చక్రాల 160 సీసీ బండి, పడ్డా గీసుకుపోయేంత వేగం, ఒకసారికి పది మందికి మించని పోటీ. ట్రాక్ మీద ఒక పిల్లాడు పోతే నిబంధన మారింది. మన రోడ్డు మీద పోయినవాళ్ల లెక్కకు ఏ నిబంధన మారింది?

ట్రాక్ పెడితే వేగం రుచి మరిగి రోడ్డు మీద మరింత రెచ్చిపోతారన్నది ఇంకో మాట. ట్రాక్ నేర్పే మొదటి పాఠం తెలిసినవాళ్లు అలా అనరు. ఒకే మలుపును వందసార్లు తిరిగినవాడికి, టైరు ఎప్పుడు జారుతుందో ఒంటితో తెలిసినవాడికి, ఇసుక రాలిన రోడ్డు మీద, ఎదురుగా ఆటో వచ్చే సందులో ఆ పని చేయబుద్ధి కాదు. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో రేసు పెడితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా పడవచ్చు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. పాలప్యాకెట్ కోసం వీధి చివరికి బండి మీద వెళ్లకూడని పిల్లాడు, మూసి ఉన్న ట్రాక్ మీద శిక్షకుడి ఎదుట మాత్రం నడపవచ్చు. ఆ రెండో సగం మన నగరంలో అమలుకు నోచుకోలేదు, మొదటి సగమే చలాన్ల రూపంలో అందరికీ తెలుసు.

డబ్బు మాటకొస్తే, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కోసం ఇదే నగరం హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసి, గోడలు కట్టి 2.8 కిలోమీటర్ల సర్క్యూట్ తయారు చేసింది. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది, తర్వాత ఆ ఖర్చు మీద రాజకీయ గొడవే మిగిలింది. ఒక్క రోజు పండగకు పెట్టిన శ్రమలో చిన్న వంతు చాలు, శివార్లలో ఇప్పటికే ఉన్న కార్టింగ్ ట్రాకుల్లో ఒకదాన్ని వారానికి ఒక ఉదయం అద్దెకు తీసుకోవడానికి. పది మినీ బైకులు, తోలు సూట్లు, ఒక అంబులెన్సు, ఒక డాక్టరు, ల్యాపు సమయం రాసేందుకు ఒక మనిషి. ఛేజింగ్ సన్నివేశానికి కొత్త బండ్లు తగలబెట్టే సినిమా నిర్మాతలు ఈ జూబ్లీహిల్స్‌లోనే ఉన్నారు, వాళ్లను అడగడంలో తప్పు లేదు. ఆసియా టాలెంట్ కప్ గెలిచేనాటికి చంత్రకు పదిహేడేళ్లు. మోతీనగర్‌లో ఈ సాయంత్రం నాన్న బండి ట్యాంకు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్న పదేళ్ల పిల్లాడికి ఆ వయసు రావడానికి ఇంకా ఏడేళ్లుంది.