గురి నేర్చుకునే పిల్లవాడికి ఏ బోరు తుపాకీ?



కిందటి వేసవిలో, మిరపకాయల డబ్బు చేతికి వచ్చిన రోజుల్లో, మా ఊరి రైతు ఒకాయన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడు మా బడిలోనే చదివి, ఇప్పుడు బళ్ళారిలో పి.యు.సి. చదువుతున్నాడు. ఎన్.సి.సి. శిబిరంలో .22 రైఫిలుతో ఐదు గుండ్లు కాల్చి, ఐదింటినీ అరచేయి పట్టేంత చోటులో పెట్టాడట. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలేకు 50 మీటర్ల రైఫిలు పోటీలో కంచు పతకం వచ్చింది కదా, ఆ బొమ్మ మనవాడి ఫోనులో ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది.

"సార్, వీడు తుపాకీ కావాలంటాడు. దూరం కొట్టేదే కావాలంట. ఏ బోరు తీసుకోవాలో మీరే చెప్పాల. రెండు లక్షలుంది. చాలకపోతే వాళ్ళమ్మ గాజులున్నాయి" అన్నాడు ఆయన.

గాజుల మాట వినగానే నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

ముందు బోరు అంటే ఏమిటో చూద్దాం. తుపాకీ గొట్టం లోపలి వ్యాసాన్నే మనవాళ్ళు బోరు అంటారు. .22 అంటే అంగుళాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఇరవై రెండు, అంటే దాదాపు 5.6 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిలు పోటీల్లో వాడేది .177, అంటే 4.5 మిల్లీమీటర్లు. పల్లెల్లో పంట కాపలాకు లైసెన్సు మీద తీసుకునే .315 ఇంకా పెద్దది. అంకె పెద్దదైతే గుండు లావు అని తెలుస్తుంది, అంతే. గురి బాగుంటుందని ఆ అంకె చెప్పదు.

ఈ అంకెల విషయంలో నేనూ ఒకసారి తప్పు చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక విద్యార్థికి ".22 మీద సాధన చెయ్యరా" అని ఒక్క ముక్క చెప్పి పంపాను. నా మనసులో ఉన్నది ఎన్.సి.సి.లో కాల్చే తూటా రైఫిలు. వాళ్ళ నాయన పట్నం వెళ్ళి .22 ఎయిర్ రైఫిలు, అంటే 5.5 మిల్లీమీటర్ల పెల్లెట్టుది కొని తెచ్చాడు. పోటీకి తీసుకెళ్తే తనిఖీ బల్ల దగ్గరే తిప్పి పంపారు. ఎయిర్ రైఫిలు పోటీల్లో 4.5 మిల్లీమీటర్లు తప్ప మరొకటి చెల్లదు. ఆ తుపాకీ చివరికి తోటలో కోతులను బెదిరించడానికి మిగిలింది. ఆ కుటుంబం నన్నేమీ అనలేదు. అనివుంటేనే బాగుండేదేమో.

అందుకే ఈసారి పలక మీద లెక్క వేసినట్టు కాగితం మీద లెక్క వేసి చూపించాను. మీరూ వేసుకోండి. పోటీలో 60 గుండ్లు కాల్చాలి. వారానికి ఐదు రోజులు, రోజుకు అరవై చొప్పున సాధన చేస్తే ఏడాదికి సుమారు 15 వేల గుండ్లు. పెల్లెట్టు ఒకటి రెండు రూపాయలు అనుకుంటే ముప్పై వేలు. .22 తూటా ఇరవై రూపాయలే అనుకున్నా మూడు లక్షలు. పెద్ద బోరు తూటా నూటయాభై అనుకుంటే ఇరవై రెండున్నర లక్షలు. పైగా పెద్ద బోరు గొట్టం ఐదారువేల గుండ్లకే అరిగి, గురి చెదరడం మొదలవుతుంది. తుపాకీ కొనడం ఒక్కసారి అయ్యే ఖర్చు. గుండ్లకు మాత్రం రోజూ డబ్బు పెట్టాలి.

కుర్రవాడు ఊరుకోలేదు. "దూరం కొట్టడమే కదా సార్ కష్టం? దగ్గర కొట్టడంలో గొప్పేముంది?" అన్నాడు. మంచి ప్రశ్న. 50 మీటర్ల పోటీలో పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. దాన్ని అదే నిష్పత్తిలో 300 మీటర్లకు పెంచితే 62 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. కాని 300 మీటర్ల పోటీలో పది వలయం 100 మిల్లీమీటర్లు. అంటే గుడ్డ మీద గీతలు చూస్తే దగ్గరిదే ఎక్కువ కఠినం! ఇక 10 మీటర్ల ఎయిర్ రైఫిలు దగ్గర పది అంటే అర మిల్లీమీటరు చుక్క, ఆవగింజ కన్నా చిన్నది. పెల్లెట్టు అంచు దానికి తగిలితే చాలు, అదొక్కటే ఊరట. 2008లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్‌కు కంచు వచ్చింది ఈ చుక్క మీదే. 300 మీటర్ల పోటీ 1972 తరవాత ఒలింపిక్స్‌లోనే లేదు. మన దేశంలో ఆ దూరానికి రేంజిలు ఎక్కువగా సైన్యం చేతిలోనే ఉన్నాయి. తుపాకీ కొన్నా కాల్చేదెక్కడ?

దూరం పెరిగితే కొత్తగా వచ్చేది గాలి. గంటకు పదహారు కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే .22 గుండు 50 మీటర్ల దగ్గరే దాదాపు మూడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మన ఆషాఢం గాలికి ఇంకా ఎక్కువే. అందుకే ఆ రేంజిల్లో చిన్న చిన్న గాలి జెండాలు కడతారు. ఈ గాలిని చదవడం .22తో 50, 100 మీటర్ల దగ్గర నేర్చుకుంటే చాలు. వంద గజాల దగ్గర .22 గుండు పడే తీరు, పెద్ద బోరు గుండు ఇంకా ఎంతో దూరాన చేసే అల్లరినే తక్కువ ఖర్చులో చూపిస్తుంది.

మా మేనల్లుడు అమెరికాలో టెక్సస్‌లో ఉంటాడు. అక్కడి చట్టం వేరు, వెయ్యి గజాల రేంజిలున్నాయి, కాబట్టి బోరు ప్రశ్న వాడికి నిజంగానే వచ్చింది. 1952 నుంచి ఉన్న .308 ఒకవైపు, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ ఒకవైపు. అదే పదహారు కిలోమీటర్ల గాలికి వెయ్యి గజాల దగ్గర .308 గుండు రెండు మీటర్లు దాటి పక్కకు జరుగుతుంది. 6.5 ఒకటిన్నర మీటరు పైన. గాలి విషయంలో రెండోదే మేలు. కాని దాని గొట్టం సుమారు మూడు వేల గుండ్లకే మార్చాల్సి రావచ్చు, .308ది అంతకు ఎక్కువే మన్నుతుంది. వాడి జేబు చూసి నేను రెండూ వద్దన్నాను. .223 తీసుకున్నాడు. తూటా చవక, భుజానికి దెబ్బ తక్కువ, బరువైన గుండు వేస్తే ఆరువందల గజాల దాకా బాగానే పనిచేస్తుంది. వాడు వెయ్యి గజాల గురించి ఇంకా అప్పుడప్పుడు సణుగుతుంటాడు.

మన దగ్గర అసలు అడ్డు వేరు. సైన్యం వాడే బోర్లు సామాన్యులకు నిషిద్ధం. .22 రైఫిలుకు కూడా లైసెన్సు కావాలి, మామూలుగా 21 ఏళ్ళు నిండాలి. చిన్నవాళ్ళు రైఫిలు క్లబ్బు పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు. మన కర్ణాటకలో కొడగు వాళ్ళకు తుపాకీ లైసెన్సు మినహాయింపు ఉంది, కైల్‌పొళ్ద్ పండగకు టెంకాయలు కొట్టే పందేలు పెడతారు. ఆ వెసులుబాటు బళ్ళారి మిరప రైతుకు లేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 మించకుండా, 20 జౌళ్ళ శక్తి మించకుండా ఉండే ఎయిర్ రైఫిలుకు మాత్రం లైసెన్సు అక్కరలేదు. అలాగని అది బొమ్మ కాదు. కన్ను పోగొట్టగలదు. వెనక గట్టి గోడ, పెల్లెట్టును ఆపే పెట్టె లేకుండా కాల్చకూడదు. పది మీటర్ల చోటు చాలు కాబట్టి బడి వరండాలో కూడా, ఎవరూ నడవని వేళ, ఏర్పాటు చేసుకోవచ్చు.

ఆ రోజు ఆయనతో అన్నాను: "అన్నా, ఇప్పుడు ఏదీ కొనొద్దు. ఒక ఏడాది క్లబ్బు రైఫిలే వాడనీ. ఆ డబ్బులో కోచ్ ఫీజు, బిగువైన జాకెట్టు, పెల్లెట్లు పోగా చాలా మిగుల్తుంది. ఇంట్లో గుండు లేకుండా ట్రిగ్గరు నొక్కే సాధనకు పైసా ఖర్చు లేదు, అరువు రైఫిలు ఉంటే చాలు." కన్నడలోనైనా తెలుగులోనైనా దీన్ని గురి అనే అంటాం. అది శ్వాసలో, వేలి చివర కుదరాలి. మంచి .177 రైఫిలు కొనే అవసరం తరవాత రావచ్చు. అప్పటికి పిల్లవాడికే తన చేతికి ఏది సరిపోతుందో తెలుస్తుంది.

తండ్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుర్రవాడి ముఖం మాత్రం రెండు వారాలు ముడుచుకునే ఉంది.

ఇప్పుడు శని, ఆదివారాలు క్లబ్బుకు వెళ్తున్నాడు. పోయిన నెల అరవై గుండ్లకు 548 వచ్చిందని నోటుబుక్కు తెచ్చి చూపించాడు. పెల్లెట్టు డబ్బాల లెక్క వాళ్ళమ్మ రాస్తుంది. గాజులు ఆమె చేతికే ఉన్నాయి.